కైటోసాన్, సెల్యులోజ్ ముద్దతో నడుమంత ఎత్తు ఆకృతిని త్రీడీ ముద్రించే పద్ధతి

ప్లాస్టిక్ తీగను కరిగించి వరుసలుగా పోసే త్రీడీ ముద్రణలో వస్తువు చల్లారగానే గట్టిపడుతుంది. కాంక్రీటు ముద్రణలో సిమెంటు నీటిని తనలో కలుపుకొని గట్టిపడుతుంది; 2021లో మద్రాసు ఐఐటీ ఆవరణలో త్వస్త సంస్థ నిర్మించిన ఇల్లు, 2023లో బెంగళూరు కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో ప్రారంభమైన తపాలా కార్యాలయం ఆ పద్ధతిలో లేచినవే. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌నూ మొక్కల పీచైన సెల్యులోజ్‌నూ కలిపి చేసే ముద్ద మాత్రం తనలోని నీరు గాలిలోకి వెళ్ళిపోతేనే గట్టిపడుతుంది. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుంటే ముద్ద పాళ్ళు, గోడ మందం, యంత్రం ఎంపిక, చివరికి ఏ నెలలో ముద్రించాలన్నది కూడా దాని నుంచే తేలుతుంది. చెన్నైలో ఉండి ఈ పని చేసేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సముద్రం పక్కనున్న ఈ ఊరి గాలి ఇంకా నీటిని పుచ్చుకోవడానికి అంత సుముఖంగా ఉండదు.

అంబత్తూరులో ఒక చిన్న షెడ్డులో ఈ పని చేస్తూ నేను నేర్చుకున్నదాన్ని ఒక వస్తువును ఉదాహరణగా పెట్టుకొని వివరిస్తాను. అది 1 మీటరు ఎత్తు, 30 సెం.మీ. వ్యాసం, 8 మి.మీ. గోడ మందం గల బోలు స్తంభం. లోపల దీపం పెట్టుకోవచ్చు, పైన పలక వేసి కుండీ నిలుపుకోవచ్చు. ముందుగా దాని నీటి లెక్క చూడండి. చుట్టుకొలత సుమారు 94 సెం.మీ. కనుక పచ్చిగోడ ఘనపరిమాణం దాదాపు 7.5 లీటర్లు. కింద చెప్పబోయే పాళ్ళ ప్రకారం ముద్దలో 78 శాతం నీరే. అంటే దాదాపు 5.8 లీటర్ల నీరు ఆ పలుచని గోడ నుంచి గాలిలోకి పోవాలి, చివరికి మిగిలే గట్టి పదార్థం 1.6 కిలోలు మాత్రమే. బిందెలో సగం నీళ్ళను గోడ పగలకుండా, వంకర తిరగకుండా, బూజు పట్టకుండా బయటికి పంపడమే ఇందులోని అసలు పని. ముద్ద బయటికి వచ్చే మూతిని, అంటే నాజిల్‌ను కదిలించడం దాని ముందు చాలా తేలిక.

పాళ్ళు ఎక్కడివి

ఈ పాళ్ళకు ఆధారం సింగపూర్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ డిజైన్‌లో హావియెర్ ఫెర్నాండెజ్ బృందం 2018లో ప్రచురించిన పని. బంగాళాదుంపకు తెగులు తెచ్చే జీవి ఉన్న ఊమైసీట్లు అనే సూక్ష్మజీవుల వర్గంలో కణపు గోడ ప్రధానంగా సెల్యులోజ్‌తోనే ఉంటుంది, కొన్నింటిలో దాని మధ్య కొద్దిగా కైటిన్ (కైటోసాన్‌కు మూల పదార్థం) కనిపిస్తుంది. ఆ పోలికను అనుసరించి వారు 1 పాలు కైటోసాన్‌కు 8 పాళ్ళు సెల్యులోజ్ కలిపారు, ఆ ముద్దతో 1.2 మీటర్ల గాలిమర రెక్కను తయారు చేశారు. ఎండిన పదార్థం తేలికపాటి కలపకు దగ్గరగా ఉంటుంది. దాన్ని రంపంతో కోయవచ్చు, ఉప్పు కాగితంతో రుద్దవచ్చు. దాదాపు అదే కాలంలో అమెరికాలో ఎంఐటీకి చెందిన నెరి ఆక్స్‌మన్ బృందం సెల్యులోజ్, కైటోసాన్, పెక్టిన్‌లతో 5 మీటర్ల ఎత్తైన మండపాన్ని నిలబెట్టింది. కాబట్టి ఇది వంటింటి ప్రయోగాల స్థాయిలో ఆగిపోయిన విషయం కాదు.

మొక్కజొన్న నుంచి వచ్చే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ కూడా జీవవిచ్ఛిన్నమే కదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయం 2022లో రంపపు పొట్టును మొక్కల ఆధారిత రెసిన్‌తో కలిపి 600 చదరపు అడుగుల ఇంటినే ముద్రించింది, అది గొప్ప పని. అయితే పీఎల్ఏ విరిగిపోవాలంటే 60 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కే పారిశ్రామిక కంపోస్టు కావాలి, పెరటి మట్టిలో అది చాలాకాలం అలాగే పడి ఉంటుంది. కైటోసాన్‌నూ సెల్యులోజ్‌నూ అరిగించుకునే సూక్ష్మజీవులు మామూలు మట్టిలోనే ఉన్నాయి. నేను దీని వైపు మొగ్గడానికి కారణం ఇదే.

ముడిసరుకు

మన వాళ్ళకు కైటోసాన్ దూరపు చుట్టం కాదు. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. నెల్లూరు, భీమవరం వైపు శుద్ధి కర్మాగారాల్లో రొయ్య బరువులో మూడో వంతుకు పైగా తల, పొట్టు రూపంలో వేరవుతుంది. అయినా ఇంట్లో పొట్టు నుంచి కైటోసాన్ తీయడానికి పూనుకోవద్దు. సున్నపు పదార్థాన్ని తొలగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను తీయడానికి కాస్టిక్ సోడా, ఆ తర్వాత కైటిన్‌ను కైటోసాన్‌గా మార్చడానికి 40 శాతానికి పైబడిన వేడి కాస్టిక్ ద్రావణం అవసరమవుతాయి. అది చర్మాన్నీ కళ్ళనూ క్షణాల్లో కాల్చేస్తుంది. తయారైన పొడినే కొనండి. కొనేటప్పుడు విశ్లేషణ పత్రం అడిగి తీసుకొని, డీఎసిటైలేషన్ (కైటిన్ ఎంతమేరకు కైటోసాన్‌గా మారిందో చెప్పే అంకె) 85 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందేమో చూడండి. అది తక్కువైతే పొడి ఆమ్లంలో సరిగా కరగదు. రొయ్యలు పడనివారు ఈ పొడిని చేతితో తాకకూడదు, పీల్చకూడదు.

సెల్యులోజ్ విషయంలో నేను చేసిన తప్పు చెబితే మీకు ఒక వారం మిగులుతుంది. ఖర్చు కలిసివస్తుందని ఆఫీసుల్లో పారేసిన తెల్ల కాగితాన్ని నానబెట్టి, రుబ్బి, కైటోసాన్ ద్రావణంలో కలిపాను. గిన్నెలో సోడా పోసినట్టు నురుగు లేచింది, పది నిమిషాల్లో కైటోసాన్ దారాలుగా విరిగి విడిపోయింది. తెల్లదనం కోసం ఆ కాగితంలో సుద్ద కలుపుతారు. ఆ సుద్ద ఆమ్లాన్ని తినేసి బొగ్గుపులుసు వాయువును వదిలింది, ఆమ్లం పోయేసరికి కైటోసాన్ కరిగి ఉండలేకపోయింది. అప్పటినుంచి ఏ పీచు తెచ్చినా ముందు చిటికెడు తీసి వెనిగర్ చుక్క వేసి చూస్తున్నాను. చిన్న బుడగ కనిపించినా ఆ సరుకు పనికిరాదు. కలప గుజ్జు నుంచి గానీ దూది నుంచి గానీ చేసిన శుద్ధమైన సెల్యులోజ్ పొడి తీసుకొని, సన్నని జల్లెడ పట్టి వాడండి. పొడవాటి పీచు ఒక్కటి మిగిలినా అది నాజిల్ నోట్లో అడ్డంపడి మిగతావాటిని పోగేసుకుంటుంది.

ఆమ్లం కోసం గాఢ ఎసిటిక్ ఆమ్లం కొనవలసిన పనిలేదు. కిరాణా దుకాణంలో దొరికే సింథటిక్ వెనిగర్ సాధారణంగా 4 శాతం గాఢతతో ఉంటుంది. సీసా మీది అంకెను మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

ముద్ద కలపడం

ఒక విడతకు 750 మి.లీ. నీటిలో 30 గ్రాముల కైటోసాన్ పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలియబెట్టండి. ఉప్మాకు రవ్వ పోసేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో ఇక్కడా అంతే జాగ్రత్త కావాలి. ఆమ్లం ముందే పోస్తే పొడి పైపైన కరిగి లోపల పొడి ఉండలుగా మిగిలిపోతుంది, తర్వాత ఎంత కలిపినా ఆ ఉండలు విడవవు. పొడి అంతా నీటిలో పరుచుకున్నాక 250 మి.లీ. వెనిగర్‌ను సన్నధారగా పోయండి, అప్పుడు మొత్తం ద్రావణం 1 శాతం ఆమ్లంగా కుదురుతుంది. కొన్ని గంటల్లో అది తేనెలా చిక్కబడుతుంది. మూతపెట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచితే గాలి బుడగలు పైకి తేలిపోతాయి. మరునాడు 240 గ్రాముల సెల్యులోజ్‌ను నాలుగు విడతలుగా వేస్తూ పిసకాలి. నేను పాత టిల్టింగ్ గ్రైండర్‌కు పిండి కలిపే బ్లేడు తగిలించి వాడుతున్నాను. అలా వాడిన పాత్రలోగానీ గ్రైండర్‌లోగానీ మళ్ళీ వంట పిండి కలపకూడదు. మన స్తంభానికి తరుగు కలుపుకొని 9 కిలోల ముద్ద కావాలి. దానికి సుమారు 213 గ్రాముల కైటోసాన్, 1,700 గ్రాముల సెల్యులోజ్ పడతాయి. కలిపిన ముద్దను ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి నిలవ ఉంచవద్దు.

ముద్ద పదును తెలుసుకోవడానికి జంతికల గొట్టాన్ని మించిన పరికరం నాకు దొరకలేదు. ఒకే గుండ్రని రంధ్రమున్న బిళ్ళ వేసి, ముద్ద కూరి, పళ్ళెంలో ఒకదాని మీద ఒకటిగా పది చుట్లు వత్తండి. చుట్లు చదునుగా కూలిపోతే పీచు చాలలేదని అర్థం. వత్తేటప్పుడు అంచుల్లో చెదురుచెదురుగా చీలితే నీరు చాలలేదు. వీటికన్నా ప్రమాదకరమైనది మూడోది: గొట్టం చివర ముందు పలుచని జిగురునీరు కారి, వెనక ముద్ద బిగుసుకుపోవడం. ఒత్తిడికి నీరు ముందుకు జారి పీచు వెనక మిగిలిపోతుందన్నమాట. గొట్టంలో ఇలా జరిగితే యంత్రంలో తప్పక జరుగుతుంది. దీనికి మందు మరింత నీరు పోయడం కాదు, కైటోసాన్‌ను 30 నుంచి 35 గ్రాములకు పెంచి, దానికి తగ్గట్టు నీటిలో కొంత తగ్గించి వెనిగర్ కూడా పెంచి, ఆ జిగురు నీటిని పట్టి ఉంచేలా చేయడం.

యంత్రం

మీటరు ఎత్తు వస్తువుకు మీటరు ఎత్తు యంత్రం అక్కర్లేదు. ముక్కలుగా ముద్రించి అతికించవచ్చు కనుక 40 సెం.మీ. ఘనపు చట్రం చాలు, దాని మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్ బోర్డులు, పవర్ సప్లై అన్నీ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. డబ్బు మిగిలితే దాన్ని ముద్దను తోసే భాగం మీద పెట్టండి. గాలి ఒత్తిడితో తోసే పద్ధతి చవకైనదే కానీ, ముద్ద గట్టిదనం కొంచెం మారినా ధార మారిపోతుంది. ముద్దను ఒక గొట్టం నుంచి మర ఉన్న తలలోకి తోసి, ఆ మర తిరిగినంత మేరకే నాజిల్ నుంచి వచ్చేలా చేసే స్క్రూ ఎక్స్‌ట్రూడర్ నిలకడగా పనిచేస్తుంది. ముద్ద డబ్బాకూ తలకూ మధ్య గొట్టం వీలైనంత పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. పొడవు పెరిగినకొద్దీ నీరు విడిపోయే ముప్పు పెరుగుతుంది. యంత్రాన్ని నడిపించే మార్లిన్ ఫర్మ్‌వేర్ వాడేవారు ఎం302 ఆదేశంతో, వేడి చేయకుండానే ముద్దను తోయడానికి అనుమతి ఇవ్వకపోతే, నాజిల్ వేడెక్కలేదన్న కారణంతో మోటారు కదలనే కదలదు. మొదటిసారి నేను అరపూట వైర్లు వెతికింది దీనికోసమే.

గోడ రూపం

గీసేటప్పుడు గోడకు రెండు వైపులా గాలి తగిలేలా చూడండి. లోపల నింపుడు వద్దు. నమూనాను ముద్రణ వరుసలుగా విడదీసే క్యూరా సాఫ్ట్‌వేర్‌లో స్పైరలైజ్ ఎంపిక పెట్టి, ఆగకుండా ఒకే గోడగా మెలితిరుగుతూ పైకి లేచేలా చేయండి. చదునైన గోడ ఆరేటప్పుడు వంగుతుంది కనుక రేకుల షెడ్డు కప్పులా అలలు పెట్టండి, ఆ అలలే బలాన్నిస్తాయి. మూల ఎక్కడా 20 మి.మీ. వ్యాసార్ధం కన్నా పదునుగా ఉండకూడదు, ఎందుకంటే పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. మందం 8 మి.మీ. దాటనివ్వకండి. బలం కోసం మందం పెంచాలనిపించడం సహజమే గానీ, మందమైన గోడ పైన తోలు కట్టి లోపల పచ్చిగా మిగిలి బూజు పడుతుంది.

కుంచించుకోవడం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. నాజిల్ నుంచి వచ్చేటప్పుడు పీచు ధార వెంట బారులు తీరుతుంది కాబట్టి ధార పొడవున తక్కువగా, ఎత్తులో ఎక్కువగా కుంచించుకుంటుంది. నా అంకెలు మీ ముద్దకు సరిపోవు. ముందు 15 సెం.మీ. ఎత్తు ఉంగరం ఒకటి ముద్రించి, పచ్చిగా ఉండగానే అడ్డంగా, నిలువుగా 100 మి.మీ. దూరంలో గుండుసూదులు గుచ్చి, పూర్తిగా ఆరాక మళ్ళీ కొలవండి. నిలువున 100 కాస్తా 93 అయితే 100ను 93తో భాగించి, వచ్చిన 1.075తో నమూనా ఎత్తును పెంచాలి. అడ్డానికి వేరే లెక్క వేసుకోవాలి. కొత్త బస్తా పొడి వచ్చిన ప్రతిసారీ ఈ ఉంగరం చేయవలసిందే.

ముద్రణ

6 మి.మీ. నాజిల్, 3.5 మి.మీ. వరుస ఎత్తు, సెకనుకు 25 మి.మీ. వేగంతో మొదలుపెట్టండి. 8 మి.మీ. వెడల్పు ధారకు నిమిషానికి సుమారు 42 మి.లీ. ముద్ద కావాలి, నిమిషం పాటు గిన్నెలోకి వదిలి తూకం వేసి సరిచేసుకోండి. స్తంభాన్ని నాలుగు ముక్కలుగా విడదీస్తే ఒక్కో ముక్కకు సుమారు 45 నిమిషాలు పడుతుంది. అడుగున అద్దం గానీ ప్లాస్టిక్ పలక గానీ వద్దు. రంధ్రాల రేకు మీద దోమతెర గుడ్డను బిగించి దాని మీద ముద్రిస్తే కింది నుంచీ గాలి ఆడుతుంది, గోడ కుంచించుకునేటప్పుడు అడుగు దానితోపాటు లోపలికి జరుగుతుంది. గట్టిగా అతుక్కున్న అడుగు జరగలేక నిలువునా చీలుతుంది.

ఒక్క బిగిన 25 సెం.మీ. లేపితే కింది వరుసలు బరువుకు ఉబ్బుతాయి. అందుకే 8 సెం.మీ. లేవగానే ఆపి, చిన్న ఫ్యాను పెట్టి, వేలితో నొక్కితే గుర్తు పడినా ముద్ద అంటుకోని స్థితి వచ్చేదాకా ఆగండి. తిరిగి మొదలుపెట్టే ముందు పై వరుసను 1 శాతం వెనిగర్ నీటిలో ముంచిన కుంచెతో తడపండి. ఎండిన కైటోసాన్ ఆ తడికి మళ్ళీ కరిగి కొత్త వరుసను పట్టుకుంటుంది. ఈ తడుపు మరిచిన చోట స్తంభం తర్వాత చక్కగా గీత గీసినట్టు విడిపోతుంది.

ఆరబెట్టడం

అమ్మ మిద్దె మీద గుమ్మడి వడియాలు పెట్టేటప్పుడు చూసినవారికి సగం విషయం ముందే తెలుసు. మొదటి గంటల్లో మండుటెండ తగిలితే పైన పెచ్చు కట్టి లోపలి తడి చిక్కుకుపోతుంది, ఎండ చాలకపోతే రెండో రోజుకే వాసన మొదలవుతుంది. గోడ విషయంలోనూ మొదటి రోజు నీడలో, నెమ్మదైన గాలిలో గడవాలి. ముక్కను తెరతో సహా నాలుగు ఇటుకల మీద ఎత్తి, కింద 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను పెట్టి, గాలి లోపలి బోలు గుండా పొగగొట్టంలో పోయినట్టు పైకి వెళ్ళేలా చేయండి. బయటివైపు గాలి మామూలుగా ఆడితే చాలు. బయటి ముఖం ముందు ఆరి లోపలి ముఖం తడిగా మిగిలితే అంచులు బయటికి విచ్చుకుంటాయి. అప్పుడు లోపలి ఫ్యాను వేగం పెంచి, బయట తడిగుడ్డ చుట్టి ఒక పూట ఉంచితే తొలిరోజైతే చాలావరకు సర్దుకుంటుంది. మూడో రోజు వచ్చిన వంకర సర్దుకోదు.

ఆరిందో లేదో చేతికి తెలియదు, తక్కెడకు తెలుస్తుంది. ప్రతి ముక్కనూ ముద్రించగానే తూచి, రోజూ ఒకే వేళకు మళ్ళీ తూచి గోడ మీద రాసుకోండి. 1.9 కిలోల పచ్చి ముక్కలో గట్టి పదార్థం దాదాపు 400 గ్రాములు. చెన్నై గాలిలో అది కొంత తేమను ఎప్పుడూ పట్టి ఉంచుకుంటుంది కనుక 450 గ్రాముల దగ్గర నిలుస్తుంది. మొదట్లో బరువు రోజుకు వందల గ్రాముల చొప్పున పడిపోతుంది, తర్వాత నడక మందగిస్తుంది. వరుసగా రెండు రోజులు అంకె మారకపోతేనే ఆరినట్టు. 520 దగ్గరే అంకె నిలిచిపోతే గోడలో ఎక్కడో మందమైన చోటు పచ్చిగా ఉందని తెలుసుకొని, తట్టి చూడండి. ఎండిన చోట అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగుతుంది, పచ్చిచోట మొద్దుగా పలుకుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి మే వరకు ఇక్కడ ఈ పనికి మంచి రోజులు. వేసవిలో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే తేమ పెరుగుతుంది కాబట్టి తెల్లవారి మొదలుపెట్టి ఆ లోపే ముద్రణ ముగించడం నా అలవాటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో బయట ఆరబెట్టే ఆశ వదులుకోండి. తలుపులు మూసిన గదిలో ఏసీని డ్రై పద్ధతిలో నడిపి, తేమ 55 శాతం దాటకుండా చూడగలిగితేనే ముద్రించండి, లేకపోతే ఆ మూడు నెలలు నమూనాలు గీసుకోవడానికి వాడుకోండి.

అతకడం, పూత

ఆరిన ముక్కల అంచులను ఉప్పు కాగితంతో మట్టానికి రుద్ది, వెనిగర్ నీటితో తడిపి, అదే ముద్దను 2 మి.మీ. మందాన రాసి, తాడుతో బిగించి రెండు రోజులు వదిలేయండి. ఫెవికాల్ వంటి జిగురు వాడితే అతుకు గట్టిగానే ఉంటుంది గానీ, మొత్తం వస్తువు మట్టిలో కలిసే గుణం పోతుంది.

ఈ స్తంభం నీటిలో మెత్తబడుతుంది. ఇంట్లో వాడేదానికి, లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే ఫ్రెంచ్ పాలిష్‌ను మూడు పూతలు వేస్తే తడిచేతి మరకలకు తట్టుకుంటుంది. ఇంకొంచెం గట్టి రక్షణ కావాలంటే లక్క పూతకు ముందే, చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకొని 4 శాతం కాస్టిక్ సోడా ద్రావణాన్ని కుంచెతో పలుచగా రాసి, కొద్దిసేపటికి తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ఆరబెట్టండి. మిగిలిన ఆమ్లం పోయి కైటోసాన్ నీటిలో కరగని రూపానికి మారుతుంది. అంత చేసినా నీటికి ఉబ్బే గుణం మిగులుతుంది కనుక వానలో పెట్టకూడదు, కుండీ నిలిపేవారు కింద పళ్ళెం పెట్టకుండా నీళ్ళు పోయకూడదు.

విఫలమైన ముక్కలను పారేయవద్దు. కాస్టిక్ సోడా తగలనివైతే వాటిని విరిచి వెనిగర్ నీటిలో రెండు రోజులు నానబెట్టి మళ్ళీ రుబ్బితే ముద్ద అవుతుంది. కొత్త ముద్దలో పాతది పావు వంతుకు మించకుండా కలుపుతున్నాను, అంతకన్నా ఎక్కువైతే ధార తెగుతోంది. కాస్టిక్ సోడా రాసినవాటిలో మిగిలిన క్షారం వెనిగర్‌ను తినేస్తుంది కనుక వాటిని ఇందులో కలపవద్దు. వాటిని నీళ్ళతో బాగా కడిగి, చిన్న ముక్కలు చేసి, ఎండుటాకులతో కలిపి తడి మట్టిలో వేయాలి. అందుకే షెడ్డులో రెండు బకెట్లు పెట్టుకొని, ఏది ఏ బకెట్లోకి పోవాలో సుద్దతో రాసి ఉంచండి. ఆరిన తర్వాత చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి.